వాళ్ళన్నదీ, మనం చెప్పేదీ

పదో తరగతి పిల్లలున్న ఇళ్ళలో సాయంత్రమయ్యేసరికి ఒక పాఠం వినపడుతూ ఉంటుంది. "సెడ్ టు ఉంటే టోల్డ్, నౌ ఉంటే దెన్, టుడే ఉంటే దట్ డే, టుమారో ఉంటే ద నెక్స్ట్ డే" అని ఎక్కాలు అప్పజెప్పినట్టు చదువుతుంటారు. డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చే పాఠం అది. 1930ల్లో మొదటిసారి అచ్చయిన రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం పట్టుకుని మన ముందు తరం వాళ్ళు దీన్నే చదివారు. తర్వాత మనం చదివాం. ఇప్పుడు మన పిల్లలు చదువుతున్నారు. సీబీఎస్ఈ వాళ్ళకి రిపోర్టెడ్ స్పీచ్ అన్న పేరుతో ఉంది, మన రాష్ట్రాల సిలబస్ పిల్లలకీ ఉంది. బ్యాంకు పరీక్షలకి కూర్చునేవాళ్ళు కూడా మళ్ళీ ఇదే దుమ్ము దులుపుతారు.

అందరూ దీన్ని మార్కుల లెక్కలోనే చూస్తారు. పట్టిక బట్టీ పడితే ఒకటో రెండో మార్కులు వస్తాయి, పరీక్ష అయిపోగానే మర్చిపోవచ్చు. నా అభిప్రాయం వేరు. ఆ గ్రామర్ పుస్తకం మొత్తంలో సంసారానికి పనికొచ్చే పాఠం ఏదైనా ఉందంటే అది ఇదే. ఎందుకంటే ఒకరన్న మాట ఇంకొకరికి చేరవెయ్యడం ఎలాగో చెప్పే పాఠం ఇది. ఆ పని ఇంట్లో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఎవరు చేస్తున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. "మీ నాన్నగారికి చెప్పు", "అమ్మతో చెప్పు", "మీ ఆయన్ని అడిగి చెప్పమ్మా", "అత్తయ్యగారితో ఓ మాట అనండి". ఇవన్నీ వచ్చి చేరేది మన దగ్గరికే. మనింటి తపాలాఫీసు వంటింట్లోనే ఉంటుంది.

ముందు పాఠం సంగతి చూద్దాం. నియమాలన్నీ విడివిడిగా చదివితే తల తిరుగుతుంది. 'ఐ' అంటే 'హి' అవుతుంది, 'విల్' అంటే 'వుడ్' అవుతుంది, 'హియర్' అంటే 'దేర్' అవుతుంది. ఎందుకు అవుతాయో మాత్రం ఎవరూ చెప్పరు. కుళాయి బాగుచేసే అతని మాటతో చెబితే పిల్లలకి వెంటనే తెలుస్తుంది. సోమవారంనాడు అతను మన వంటింట్లో నిలబడి "నేను రేపు ఇక్కడికి వస్తాను" అన్నాడనుకోండి. గురువారంనాడు మనం పుట్టింట్లో కూర్చుని అదే మాట అమ్మకి చెప్తున్నాం. ఇప్పుడు "నేను" అంటే మనం అయిపోతాం. "రేపు" అంటే శుక్రవారం అయిపోతుంది. "ఇక్కడ" అంటే అమ్మావాళ్ళ ఇల్లయిపోతుంది. అన్న మనిషీ, అన్న రోజూ, అన్న చోటూ మూడూ మారిపోయాయి కాబట్టి, అర్థం మారకుండా ఉండాలంటే మాటలు మారాలి. ఇంగ్లీషు నియమాలన్నీ ఈ ఒక్క సంగతిలోంచి పుట్టినవే.

అదే సోమవారం సాయంత్రం, అదే ఇంట్లో, ఆఫీసు నుంచి వచ్చిన మావారితో చెబుతుంటే 'టుమారో' ఎందుకు మారాలి? రేపు ఇంకా రేపే, ఇక్కడ ఇంకా ఇక్కడే. "హి సెడ్ హి వుడ్ కమ్ హియర్ టుమారో" అంటే చాలు, తప్పేమీ లేదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న మాట ఎవరు ఏ రోజు చెప్పినా నిజమే కాబట్టి దాని కాలం మార్చక్కర్లేదని పుస్తకమే చెబుతుంది. పట్టిక బట్టీ పట్టినవాళ్ళకి ఇవన్నీ విడివిడి మినహాయింపుల్లా కనిపిస్తాయి. "ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ" అని నాలుగు ప్రశ్నలు వేసుకున్నవాళ్ళకి మినహాయింపులే ఉండవు. పరీక్షలో ఈ నాలుగూ చెప్పరు కాబట్టి చోటూ రోజూ మారాయనే అనుకుని రాయాలి, అంతే.

ఇక్కడ ఇంకో మాట. తెలుగు మీడియంలో చదువుకున్న అమ్మలు "మాకు ఇంగ్లీషు గ్రామర్ రాదండీ, ట్యూషన్‌లో చెప్పిస్తున్నాం" అని వెనక్కి తగ్గుతారు. ఈ పాఠం వరకూ తగ్గక్కర్లేదని నేను గట్టిగా చెప్తాను. ఎందుకంటే పిల్లలు ఇందులో చేసే తప్పుల్లో చాలావాటికి మూలం తెలుగులోనే ఉంది. అది పట్టుకోగలిగింది తెలుగు బాగా వచ్చినవాళ్ళే.

చూడండి. మా ఇంటికి సాయంత్రాలు పుస్తకాలు పట్టుకుని వచ్చే పక్కింటి పిల్లల్లో ఒక బాబు రాశాడు: "మై ఫాదర్ సెడ్ దట్ ఐ విల్ కమ్ టు స్కూల్". ఇది చదివిన టీచరు ఏమనుకోవాలి? పిల్లాడు బడికి వస్తాడని వాళ్ళ నాన్న చెప్పాడనుకోవాలి. వాడి ఉద్దేశం అది కాదు. నాన్నే బడికి వస్తానన్నాడు. వాడి బుర్రలో "మా నాన్న బడికి వస్తానన్నాడు" అనే తెలుగు వాక్యం ఉంది. అందులో "వస్తాను" అలాగే ఉంది కదా! దాన్ని ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో పెట్టాడు. తెలివితక్కువతనం కాదది. తెలుగు వ్యాకరణం ప్రకారం వాడు చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని.

తెలుగు పుస్తకంలోనూ ఈ పాఠం ఉంది, ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని. "నేను రేపు వస్తాను" అని రాజు అన్నాడు. దీన్ని పరోక్షంలోకి మారిస్తే, తాను రేపు వస్తానని రాజు అన్నాడు. "నేను" పోయి "తాను" వచ్చింది, కొటేషన్ గుర్తులు పోయాయి. "వస్తాను" మాత్రం కదల్లేదు. కాలం మారలేదు, "రేపు" కూడా మారలేదు. మన "అని" అనే రెండక్షరాలు ఎదుటివాళ్ళ మాటని దాదాపు ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి మన వాక్యంలో కూర్చోబెడతాయి. ఇంగ్లీషుకి అలాంటి సౌకర్యం లేదు. అందుకని మాటని విప్పి, మళ్ళీ కుట్టాలి.

దీనివల్ల మనకొక లాభం ఉంది. "వస్తానన్నాడు" అంటే అన్నవాడే వస్తాడు. "వస్తాడన్నాడు" అంటే ఇంకెవరో వస్తారు. ఒక్క అక్షరం తేడాతో సంగతంతా తేలిపోయింది. ఇంగ్లీషులో రెండింటికీ "హి సెడ్ దట్ హి వుడ్ కమ్" అనే రాయాలి, ఆ రెండో 'హి' ఎవరో ముందూ వెనకా చూసి తెలుసుకోవాలి. పిల్లలకి ఇది చూపిస్తే వాళ్ళ ముఖాలు వెలుగుతాయి. తమ భాషకి చేతకానిది ఇంగ్లీషుకి చేతనవుతుందనే విన్నారు ఇంతకాలం, ఎదురు సంగతి ఎవరూ చెప్పలేదు.

ప్రశ్నల దగ్గర చేసే తప్పు కూడా ఇలాంటిదే. "హి ఆస్క్‌డ్ మి దట్ వేర్ ఆర్ యు గోయింగ్" అని రాస్తారు. "ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు" అనుకుని, "అని"కి 'దట్' పెట్టేసి, ప్రశ్నని ప్రశ్నలాగే ఉంచేశారు. ఇంగ్లీషులో అది ప్రశ్నగా ఉండకూడదు, మామూలు వాక్యం అయిపోవాలి. "హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్". అవునా కాదా అనే రకం ప్రశ్నయితే 'ఇఫ్' గానీ 'వెదర్' గానీ రావాలి. "వస్తావా అని అడిగింది" అనే మాటలో "వస్తావా" చివరి దీర్ఘం ఉంది చూశారూ, ఇంగ్లీషులో ఆ దీర్ఘం చేసే పనే 'ఇఫ్' చేస్తుంది. ఇంత చెప్పడానికి బీఏ ఇంగ్లీషు అక్కర్లేదు. పిల్లాడు రాసిన వాక్యాన్ని "దీన్ని తెలుగులో ఏమంటావురా?" అని అడగడం వస్తే చాలు.

ఇంతవరకూ తెలుగు గొప్పతనం చెప్పాను. ఇప్పుడు లోటు కూడా చెప్పాలి. ఇంట్లో గొడవలు పుట్టేది అక్కడే.

పెద్దకోడలికి అత్తగారు ఫోన్ చేసి, "అమ్మా, పిల్లలకి సెలవులేమో కదా, నీకు వీలైతే ఆదివారం ఓసారి రండమ్మా, చూడాలని ఉంది" అన్నారనుకోండి. ఆ కోడలు భర్తతో ఏమంటుంది? "అత్తయ్యగారు ఆదివారం రమ్మన్నారు." ఇందులో అబద్ధం లేదు. అయితే "వీలైతే" పోయింది. "చూడాలని ఉంది" పోయింది. "అమ్మా" పోయింది. మిగిలింది "రమ్మన్నారు". "దయచేసి రండి" అన్నా, "రా" అని గదమాయించినా, "వస్తే బాగుండు" అని బతిమాలినా, మన వాడుకలో అన్నీ వచ్చి పడేది ఆ ఒక్క "రమ్మన్నారు"లోనే. ఎదుటివాళ్ళు మీరు అన్నారో నువ్వు అన్నారో కూడా అందులో తెలీదు. "చెయ్యమన్నారు", "ఇమ్మన్నారు", "వద్దన్నారు" అన్నీ అంతే. అలసిపోయి ఇంటికొచ్చిన భర్తకి అది ఆర్డరులా వినిపిస్తుంది. "ఈ ఆదివారం నాకు పనుందని తెలుసుగా, అమ్మకి ఎప్పుడూ ఇంతే" అంటాడు. ఆ మాట ఏ ఆడపడుచు ద్వారానో తిరిగి అత్తగారికి చేరుతుంది. "నేనేమన్నానని?" అని ఆవిడ బాధపడతారు. ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురూ బాధపడ్డారు.

ఇంగ్లీషు పాఠం ఇక్కడ మనకి పనికొస్తుంది. ఆజ్ఞావాక్యం వస్తే ఇంగ్లీషులో 'సెడ్' అని ఊరుకోవడానికి వీల్లేదు. 'ఆర్డర్డ్' అంటావా, 'రిక్వెస్టెడ్' అంటావా, 'అడ్వైజ్డ్' అంటావా, 'ఇన్వైటెడ్' అంటావా, తేల్చుకోమంటుంది. అన్న మనిషికీ విన్న మనిషికీ ఉన్న సంబంధమేమిటి, ఏ గొంతుతో అన్నారు అని ఆలోచించి గానీ ఆ క్రియ రాయలేం. 'ప్లీజ్' ఉంటే 'రిక్వెస్టెడ్' అని పట్టికలో ఉంటుంది. కానీ ఒక అమ్మ పిల్లాడితో పళ్ళు బిగించి "ప్లీజ్, ఆ ఫోన్ కింద పెట్టు" అంటే అది రిక్వెస్టా? మా ఇంట్లో పిల్లల్ని అడిగితే 'వార్న్డ్' అని రాయాలన్నారు. సరిగ్గానే రాశారు.

ఆశ్చర్యార్థకాలు కూడా అంతే. "హుర్రే" ఉంటే 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్', "అలాస్" ఉంటే 'విత్ సారో' అని రాయిస్తారు. నిజం చెప్పాలంటే ఈ కాలంలో "అలాస్" అనేవాళ్ళని నేను చూడలేదు. మన "అయ్యో" తీసుకోండి. జాలికీ అయ్యో, పాలు పొంగిపోతే అయ్యో, ఎవరికైనా మంచి జరిగితే అసూయ దాచుకుంటూ కూడా అయ్యో. ఏ అయ్యో ఏదో పిల్లలతో చెప్పించండి. అది గ్రామరే.

తెలుగులో అలాంటి క్రియలు లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. అడిగింది, నిలదీసింది, బతిమాలింది, దెప్పింది, ఎత్తిపొడిచింది, గొణిగింది, మాటిచ్చింది, నచ్చజెప్పింది, సణిగింది. ఆడవాళ్ళం నలుగురం కూర్చుంటే ఇవన్నీ ధారాళంగా వస్తాయి. చిక్కేమిటంటే, అన్నవాళ్ళ ఉద్దేశాన్ని కాకుండా మన మనసులో ఉన్నదాన్ని బట్టి క్రియని ఎంచుకుంటాం. మనకి ఇష్టమైనవాళ్ళు అంటే "అడిగింది". ఇష్టం లేనివాళ్ళు అదే మాట అంటే "నిలదీసింది". కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాట వాళ్ళది. బయట ఉన్న క్రియ మనది. తగువు పెట్టాలన్నా తీర్చాలన్నా ఆ బయటి క్రియతోనే.

మాటల్లో ఒక్కటీ అబద్ధం కాకపోయినా చేరింది అబద్ధమే కావచ్చు. భారతంలో ధర్మరాజు ద్రోణుడితో అశ్వత్థామ చనిపోయాడని చెప్పి, చచ్చింది ఏనుగన్న సంగతి వినపడకుండా అన్నాడు. ఆయన వాడిన మాటలన్నీ నిజమే. ద్రోణుడికి చేరింది మాత్రం కొడుకు చావు. మన ఇళ్ళలో అంత యుద్ధాలు జరగవు, కానీ ఏనుగులు మింగేయడం రోజూ జరుగుతుంది.

నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెప్తాను. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. ఆ పిల్ల తల్లితో "అమ్మా, అబ్బాయి బాగానే ఉన్నాడు. కానీ ముందు నేను బీఈడీ పూర్తిచేసుకుంటాను. నాన్నకి నువ్వే చెప్పు" అంది. తల్లి తండ్రితో "అది ఇప్పుడే ఒప్పుకోనంటోందండీ" అంది. తండ్రి తన అక్కగారికి ఫోన్ చేసి "అమ్మాయికి ఇష్టం లేదంటోందట" అన్నాడు. ఆవిడ మధ్యవర్తితో "పిల్లకి అబ్బాయి నచ్చలేదట" అంది. మధ్యవర్తి అబ్బాయివాళ్ళ దగ్గర ఏమన్నాడో గానీ, వాళ్ళు వేరే సంబంధం చూసుకున్నారు. "అమ్మాయి మనసులో ఎవరో ఉన్నారేమో" అన్న మాట మాత్రం బంధువుల్లో మిగిలిపోయింది. ఏడాది తర్వాత ఒక పెళ్ళిలో అబ్బాయి తల్లి కనబడి, "చదువుకోసం రెండేళ్ళు ఆగమంటే ఆగేవాళ్ళమే కదండీ" అందట.

ఎవరు అబద్ధం చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల అన్న మాటలో మూడు ముక్కలున్నాయి. అబ్బాయి బాగున్నాడు, చదువు ముందు, పూర్తిచేస్తాను. మొదటిది తల్లి దగ్గరే రాలిపోయింది. "ముందు" అన్నది "ఇప్పుడే"లో కాస్త మిగిలి, తండ్రి దగ్గర అది కూడా పోయింది. "చేస్తాను" అన్న మాట "ఒప్పుకోను"గా మారిపోయింది. పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తారు. ఇంట్లో మార్కులు పోవు, పిల్ల పేరు పోతుంది.

ఆ కథలో "ట" ఎన్నిసార్లు వచ్చిందో గమనించారా? "ట" మన భాషలో ఉన్న ఒక నిజాయితీ గల అక్షరం. "వస్తున్నాడు" అంటే నాకు తెలుసు. "వస్తున్నాడట" అంటే నేను విన్నాను, పూచీ నాది కాదు. విన్నదాన్ని చూసినట్టు చెప్పకుండా ఆపే అక్షరం అది. ఇంగ్లీషులో అంత చిన్నగా చెప్పే వీల్లేదు, 'ఐ హర్డ్ దట్' అనో 'ఇట్ సీమ్స్' అనో చెప్పాలి. అయితే దాన్ని తప్పించుకోడానికి కూడా వాడుకుంటాం. "ట" పెట్టేస్తే ఏమైనా అనేయొచ్చనుకుంటాం. నా లెక్కలో "ట" పెట్టినప్పుడు ఎవరి దగ్గర విన్నామో కూడా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ మాట మన దగ్గరే ఆగిపోవాలి. వాట్సాప్‌లో తిరిగే మందులూ మహిమలూ చూడండి, వాటిల్లో ఎక్కడా "ట" కనిపించదు. ఎవరు అన్నారో ఉండదు. మోసుకొచ్చినవాళ్ళు మన చిన్నాన్నో పిన్నో కాబట్టి నమ్మేస్తాం.

డాక్టరు మాటల దగ్గర అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి. "రెండు వారాలు ఉప్పు బాగా తగ్గించండి, మళ్ళీ బీపీ చూస్తాను, తగ్గకపోతే మాత్ర మొదలుపెడదాం" అని డాక్టరు అంటారు. ఇంటికొచ్చేసరికి అది "మాత్ర అక్కర్లేదన్నారు" అవుతుంది. రెండు వారాలూ పోయింది, ఉప్పూ పోయింది, "తగ్గకపోతే" అన్నదీ పోయింది. మామగారు హాయిగా ఆవకాయ వేసుకుంటారు. నేను ఇంట్లో వాళ్ళందరికీ చెప్పేది ఒకటే, ఆస్పత్రిలో అన్న మాట మాత్రం కాగితం మీద రాసుకుని అలాగే చదవండి. అక్కడ మన సొంత క్రియలు వద్దు.

మీలో కొందరు అడుగుతారు. "అన్నీ ఉన్నదున్నట్టు చెబితే కొంపలు నిలుస్తాయా?" అని. నిజమే. కోపంలో అన్న మాటని కోపంతో సహా మోసుకెళ్ళి అప్పజెప్పడం రిపోర్టెడ్ స్పీచ్ కాదు, చాడీలు. మన అమ్మలూ అత్తలూ ఇద్దరి మధ్య నిలబడి ఎన్ని మాటల్ని చల్లార్చి చేరవేశారో లెక్కలేదు. ఆ పనిని నేను తక్కువ చెయ్యను. కానీ దానికో హద్దుంది. బయటనుంచి వచ్చినప్పుడు కాళ్ళకంటిన బురద గుమ్మంలోనే కడుక్కుంటాం, చేతిలో ఉన్న సామాను కూడా కడిగి పారబొయ్యం కదా. కోపం బురద. తారీఖు, డబ్బు, అవును, కాదు, "అయితే", "ముందు", "వీలైతే", ఇవి సామాను. గొంతు తగ్గించవచ్చు. సంగతి తగ్గించకూడదు. భర్త "ఈ నెల ఇరవై వేలు పంపడం కుదరదు, పది పంపుతాను" అని విసుక్కున్నాడనుకోండి. విసుగు వదిలేసి "ఈ నెల పదివేలే కుదురుతుందన్నారండీ" అని చెప్పడం మంచితనం. "చూస్తానన్నారు" అని చెప్పడం మాత్రం అప్పు. వచ్చే నెల వడ్డీతో తీర్చాలి.

ఇంకో రకం రాయబారం ఉంది, దాన్ని మాత్రం మనం ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఒకే ఇంట్లో, ఒకే హాల్లో కూర్చుని, తండ్రీ కొడుకులు తల్లి ద్వారా మాట్లాడుకునే ఇళ్ళున్నాయి. "వాడు ఆ గ్రూపు తీసుకుంటే ఫీజు నేను కట్టనని చెప్పు." "ఆయన కట్టకపోయినా పర్లేదని చెప్పు." ఇద్దరికీ మూడడుగుల దూరం. మధ్యలో ఆవిడ. ఏ మాట తీసుకెళ్ళినా తిట్లు ఆవిడకే. తండ్రి దృష్టిలో కొడుకుని వెనకేసుకొస్తోంది, కొడుకు దృష్టిలో నాన్నకి భయపడి తన మాట సరిగ్గా చెప్పడం లేదు. కొన్నేళ్ళు ఇలా గడిచాక ఆవిడకంటూ ఒక మాట ఉందన్న సంగతి ఇద్దరూ మర్చిపోతారు. ఆ గ్రూపు విషయంలో తల్లి ఏమనుకుంటోందో ఎవరైనా అడిగారా?

అలాంటప్పుడు "నేను చెప్పను, నువ్వే వెళ్ళి చెప్పు, కావాలంటే పక్కన కూర్చుంటాను" అనడం నేర్చుకోవాలి మనం. ఆడపిల్లల విషయంలో మరీను. చదువు గురించీ పెళ్ళి గురించీ వాళ్ళ మాట వాళ్ళ నోటితో, వాళ్ళ గొంతుతో తండ్రి వినాలి. మొదటిసారి గొంతు వణుకుతుంది, రెండోసారి వణకదు. పై కథలో ఆ పిల్ల నాన్న ఎదురుగా కూర్చుని ఆ మూడు ముక్కలూ తనే చెప్పి ఉంటే, "అబ్బాయి బాగానే ఉన్నాడు" అన్న మాట ఆయన చెవిన పడేది.

అందుకని మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఈ వారం పట్టిక కాస్త పక్కన పెట్టించండి. రోజుకి ఇంట్లో వినపడ్డ అయిదు మాటలు రాయమనండి. పాలవాడన్నది, నాన్నమ్మ అన్నది, బడిలో సార్ అన్నది. వాటిని మొదట తెలుగులో మార్చమనండి. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ అని అడగండి. 'సెడ్' బదులు ఏ క్రియ రాస్తావు, ఎందుకు ఆ క్రియే అని అడగండి. ఆ తర్వాత ఇంగ్లీషులోకి మార్చమనండి. "నాన్నమ్మ సణిగింది" అని రాస్తే, "నిజంగా సణిగిందా, అడిగిందా?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి చాలు. మార్కులు ఎలాగూ వస్తాయి. ఒకరి మాట చేతికిస్తే చిందకుండా తీసుకెళ్ళగలిగే మనిషి కూడా తయారవుతాడు. రేపు వాడింటికి వచ్చే అమ్మాయికి ఆ ఉపకారం మనం చేసినట్టే.

మీ ఇళ్ళలో ఏ మాట ఏమై చేరిందో కూడా నాకు రాయండి. "ట"లు ఉంటే, ఎవరి దగ్గర విన్నారో చెప్పడం మర్చిపోకండి.